పాచిక పారుట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



మన గ్రంథాలయమునకు నేటితో పచ్చీసు పడినది. పచ్చీసు అనగా ఇరువదియైదు. అరుగుల బండలపై గడులు చెక్కుకొని మన పెద్దలు ఆడిన ఆటకు ఆ పేరు వచ్చుటకు కారణము, గవ్వలతో పడు పందెములలో ఆ సంఖ్య మిక్కిలి పెద్దదగుటయే. అట్టి పెద్ద పందెము పడినవానికి మరల గవ్వలు వేయు హక్కు కలదు. మన గ్రంథాలయమునకును మరియొక ఇరువదియైదేండ్లు ఆడు హక్కు లభించినదని మనము సంతోషింపవచ్చును.

నేను పండితుడను కాను. సహకార సంఘములో పద్దులు వ్రాసికొని బ్రతుకువాడను. బడిచదువు ముగిసిన పిమ్మట భారత భాగవతములను, నిఘంటువును ఈ గ్రంథాలయపు బీరువాలనుండియే తీసికొనిపోయి, రాత్రులందు కూడబలుకుకొని చదివితిని. కావున నా మాటలలో పాండిత్యముకంటె లెక్క ఎక్కువగా వినబడినచో మన్నింపవలయును. ఏదేని ఒక ఆటనుండి పుట్టిన పలుకుబడిని గూర్చి చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. నేను 'పాచిక పారుట' అను మాటను ఎంచుకొంటిని.

ఈ మాట ఎరుగనివారు మనలో లేరు. ఎన్నికల ఫలితములు వెలువడిన మరునాడు పత్రికలు ఫలానా పక్షము పాచిక పారలేదని వ్రాయును. సంతలో ముసలి ఎద్దును కోడెయని నమ్మింపజూచిన బేరగానితో 'నీ పాచిక మాకాడ పారదు' అందుము. కాని ఈ మాట ఆడువారిలో పాచికను కన్నులార చూచినవారెందరు? ఆట మరుగున పడినది, మాట మిగిలినది. చెరువు ఎండినను కట్ట నిలిచియున్నట్లు ఆ మాట మన నాలుకలపై నిలిచియున్నది. కట్టను చూచి చెరువు విస్తీర్ణమును అంచనా వేసినట్లు, ఈ మాటను పట్టుకొని దాని వెనుకనున్న ఆటను, ఆ ఆట వెనుకనున్న మనుష్యుని కొంత తెలిసికొందము.

మొదట మాటలను విడదీసి చూతము. 'పాశకము' అను సంస్కృత పదము తెలుగున 'పాచిక' యైనది. దంతముతోగాని, ఎముకతోగాని, కొయ్యతోగాని చేసి, ముఖములపై చుక్కలు గుర్తించి దొరలించునది పాచిక. మొహెంజొదారో, హరప్పా త్రవ్వకములలో కాల్చిన మట్టి పాచికలు దొరకినవి. అనగా ఈ దేశమున మనుష్యుడు పాచిక దొరలించుట ప్రారంభించి నాలుగువేల యేండ్లు దాటినది. రెండవ మాట 'పారు'. ఇది మన సేద్యగాండ్ర మాట. కాలువ పారును, అలుగు పారును, మడికి నీరు పారును. మంత్రము పారినదనియు, ఎత్తు పారినదనియు అందుము. అన్నిచోట్లను భావమొక్కటే: అనుకొన్నచోటికి చేరి ఫలించుట.

ఇచ్చట వ్యాకరణములో ఒక చిన్న సంగతి గమనింపదగినది. పాచికను 'వేయుదుము', కాని పాచిక తనంతట తాను 'పారును'. వేయుట మనుష్యుని పని. పారుట మనుష్యుని చేతిలో లేదు. విత్తు మనము చల్లుదుము, మొలక అది మొలచును, ఇదియు నట్లే. కావున ఈ పలుకుబడి పుట్టినప్పుడు దానియందున్నది అదృష్టము. నేడు మనము వాడునప్పుడు దానియందున్నది కపటము. 'వాని పాచిక పారలేదు' అన్నచో వాని దురదృష్టమునకు జాలిపడుట లేదు. వాని యుక్తి బయటపడినదని నవ్వుచున్నాము. అదృష్టమును చెప్పవలసిన మాట కపటమును చెప్పు మాటగా ఎట్లు మారినది? నా ప్రసంగమంతయు ఈ ప్రశ్నకు సమాధానమే.

ఆటలనుండి మన భాషలోనికి వచ్చిన మాటలు మరికొన్ని కలవు. చదరంగమునుండి ఎత్తు, పైయెత్తు వచ్చినవి. ఒకరి చేతిలో కీలుబొమ్మయైనవానిని పావు అందుము. అష్టాచెమ్మలో గడినుండి గడికి నడచునది కాయ. నడిమి యింటికి చేరినది పండు. ఆటలో సైతము కాయ పండవలెనని కోరుకొన్నవాడు రైతు కాక మరెవ్వడు? ప్రజల ఆటలను చరిత్రకు పనికివచ్చు వస్తువుగా గౌరవించిన మహనీయుడు, నాటి మహబూబునగరు జిల్లాలో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డిగారు. 1949లో వెలువడి, 1955లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన వారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధములకంటె ప్రజల తిండికి, బట్టకు, ఆటకు పెద్దపీట దొరకినది. ఆ గ్రంథమును చదివిన పిమ్మటనే ఒక ఆటమాటను గూర్చి ఆలోచించుట వ్యర్థము కాదను ధైర్యము నాకు కలిగినది.

ఇక పాత కాలమునకు పోదము. దంతపు పాచికలకు ముందు వేదకాలమువారు జూదమాడినది కాయలతో. ఆ కాయ మరేదియో కాదు, మన ఇండ్లలో త్రిఫల చూర్ణమునకు వాడు తానికాయ. దీనినే సంస్కృతమున విభీతకమందురు. అమరకోశము ఈ చెట్టునకు అక్షమనియు, కలిద్రుమమనియు పర్యాయములు చెప్పినది. అక్షమనగా జూదపు గింజ యనియు అర్థమగుట ఇందువలననే. అమ్రాబాదు కొండలలో, నల్లమల అడవులలో నేటికిని ఈ చెట్టు పెరుగుచున్నది. ఋగ్వేదము పదవ మండలములో ఒక సూక్తమంతయు జూదరి మొర. భార్య దూరమైనది, అత్త ఈసడించుచున్నది, అప్పులవాండ్రకు జడిసి రాత్రివేళ పరుల యిండ్లకు పోవుచున్నాడు. అయినను గింజల చప్పుడు వినబడగానే కాలు నిలువదు. జూదము మాని పొలము దున్నుకొనుమని చివరకు హితవు. వేలయేండ్ల నాటి ఈ మొర నిన్న మన ఊరిలో విన్నట్లున్నది.

ఆ ఆటలో లెక్క ఎట్లుండెడిదో పండితులు ఇట్లు వివరించిరి. పిడికెడు గింజలు తీసి నాలుగేసి చొప్పున లెక్కింతురు. శేషము లేకున్న కృతము. అది ఉత్తమమైన పందెము. మూడు మిగిలిన త్రేత. రెండు మిగిలిన ద్వాపరము. ఒకటి మిగిలిన కలి, అది ఓటమి. వింటిరి గదా! యుగముల పేర్లును జూదపు పందెముల పేర్లును ఒక్కటే. పురాణముల లెక్క ప్రకారము కలియుగమునకు 4,32,000 సంవత్సరములు. ద్వాపరమునకు దానికి రెండింతలు, త్రేతకు మూడింతలు, కృతమునకు నాలుగింతలు. కాలమును కొలుచుటకు సైతము జూదపు భాగహారమే పనికివచ్చినది. 'కలి కాలము వచ్చినది' అని నిట్టూర్చునపుడెల్ల మనకు తెలియకయే ఒక గింజ మిగిలినదని చెప్పుచున్నాము.

ఇప్పుడు భారతమునకు వత్తము. శకుని తన తండ్రి ఎముకలతో పాచికలు చేయించెననియు, అవి అతడు చెప్పినట్లు పడుచుండెననియు మనమందరము వినియున్నాము. ఆ కథ జనులు చెప్పుకొనునదే కాని వ్యాసభారతములో లేదు. అందున్నది అంతకంటె భయంకరమైన నిజము. ధర్మరాజునకు జూదమన్న ప్రీతి గలదు, ఆడుట మాత్రము చేతగాదని శకునియే దుర్యోధనునితో చెప్పును. మాయ ఎముకలలో కాదు, ఈ యెరుకలో నున్నది. ప్రీతి యొకరిది, నేర్పు మరియొకరిది. పైగా ఆ సభలో పణమొడ్డినవాడు దుర్యోధనుడు, పాచిక వేసినవాడు శకుని. ఒకనికి బదులు వేరొకడు ఆడుట తగదని ధర్మరాజు అనెను, అనియు కూర్చుండెను. ముత్యములు, బంగారము, రథములు, ఏనుగులు, గుర్రములు పోయినవి. తమ్ములు పోయిరి. తన్ను తాను ఓడెను. పిమ్మట ద్రౌపదిని ఒడ్డెను.

అప్పుడు ద్రౌపది అడిగిన ప్రశ్న పద్దులు వ్రాయువానిగా నాకు మిక్కిలి గౌరవము కలిగించునది. నా భర్త ముందుగా ఓడినది తన్నా, నన్నా అని ఆమె అడిగెను. తన్ను ముందు ఓడినవానికి స్వంత ఖాతా లేదు. ఖాతా లేనివాడు మరియొకరిని ఖర్చు వ్రాయుట ఎట్లు? ఆ నిండు సభలో భీష్ముడు సైతము దీనికి తేటగా బదులు చెప్పలేకపోయెను. పద్దుల వరుస అడిగినది ఆమె యొక్కతెయే. జూదములో మొదట పోవునది డబ్బు కాదు, లెక్క.

భాగవత దశమస్కంధములో మరియొక జూదము కలదు. అనిరుద్ధుని పెండ్లివేళ రుక్మి బలరాముని పాచికలాటకు పిలిచెను. బలరాముడు మొదట నూరు ఒడ్డి ఓడెను. పిదప వేయి, ఆ పిదప పదివేలు. ప్రతి ఓటమికి పణము పదిరెట్లు పెరిగినది. పోయినది ఒక్క దెబ్బతో రాబట్టవలెనను ఆరాటము దేవతాంశలనైనను విడువలేదు. లక్ష ఒడ్డి గెలిచినపుడు రుక్మి, నేనే గెలిచితినని బొంకెను. ఆ పెండ్లిపందిరి కడకు రుక్మి ప్రాణములతో ముగిసినది. ఓడినవాడు పణము పెంచుట, గెలిచినవానికి గెలుపు దక్కకుండుట, ఈ రెండును గుర్తుంచుకొనుడు. వీనితో మనకు మరల పని కలదు.

అన్నింటిని మించినది నలుని కథ. నన్నయభట్టు తెనిగించిన భాగములోనే, అరణ్యపర్వమున, ఈ కథ కలదు. నలుడు పుష్కరునితో జూదమాడి రాజ్యము పోగొట్టుకొని, దమయంతిని అడవిలో విడిచి, రూపు చెడి, బాహుకుడను పేర ఋతుపర్ణ మహారాజునకు సారథియయ్యెను. ఒకనాడు రథము పోవుచుండగా దారిలో ఒక చెట్టు కనబడినది. అది మన తాని చెట్టే. ఋతుపర్ణుడు దానిని ఒక్కమారు చూచి, రెండు కొమ్మలలోని కాయలు 2,095 అని చెప్పెను. మరియొకడైన మెచ్చుకొని సాగిపోవును. నలుడట్లు చేయలేదు. రథము నిలిపి, చెట్టు నరికి, కాయలు లెక్కించెను. లెక్క సరిపోయినది. ఈ విద్య ఏమని యడుగగా, తాను పాచికల మర్మమును సంఖ్యాశాస్త్రమును ఎరుగుదునని రాజు చెప్పెను. నలుడు తన అశ్వహృదయమునిచ్చి, అక్షహృదయమును గైకొనెను. ఆ విద్య లోనికి పోగానే అతని దేహమునుండి కలిపురుషుడు వెలికి వచ్చి ఆ చెట్టులో దూరెను.

మహాశయులారా, ఈ ఘట్టమును నేను పలుమార్లు చదివితిని. కలిని వెడలగొట్టినది జపము కాదు, హోమము కాదు, లెక్క. చెట్టంతటిని లెక్కింపక కొన్ని కొమ్మలను చూచి మొత్తమును ఊహించు విద్య నేటి గణాంకశాస్త్రమునకు మూలము. ఇయాన్ హ్యాకింగ్ అను పాశ్చాత్య విద్వాంసుడు 1975లో సంభావ్యతా శాస్త్రపు పుట్టుకను గూర్చి వ్రాసిన గ్రంథములో ఈ నలోపాఖ్యానమును ఉదాహరించెను. ఐరోపాలో 1654లో పాస్కల్, ఫెర్మా అను ఇద్దరు గణితజ్ఞులు, మధ్యలో ఆగిన జూదములో పణమును ఎట్లు పంచవలెనని ఉత్తరములు వ్రాసికొనిరి. ఆ శాస్త్రము అందుండి పెరిగినది. మన తెలుగువారిలో 1920లో జన్మించి 2023లో పరమపదించిన సి. ఆర్. రావుగారు ఈ గణాంకవిద్యలో లోకమంతయు ఎరిగిన ఆచార్యులు. ఋతుపర్ణుని విద్య మన యింటి విద్యయే.

కొంచెము లెక్క మనమును చేయుదము. అష్టాచెమ్మలో గవ్వలు నాలుగు. ఒక్కొక్క గవ్వ వెలికిల పడవచ్చును, బోర్ల పడవచ్చును. రెండును సమానమనుకొన్నచో నాలుగు గవ్వలు పడు తీరులు మొత్తము 16. అందు ఒకటి పడు తీరులు 4, రెండు పడు తీరులు 6, మూడు పడు తీరులు 4. చెమ్మ పడు తీరు ఒక్కటే, అష్ట పడు తీరు ఒక్కటే. మరల వేయు హక్కునిచ్చు పందెము ఎనిమిదింట ఒకమారు మాత్రమే వచ్చును. ఈ సంగతి ఎరిగినవాడు ఎనిమిదిమార్లు ఓపిక పట్టును. ఎరుగనివాడు 'ఇంతసేపు పడలేదు, ఇక పడక తప్పదు' అనుకొనును. గవ్వకు జ్ఞాపకము లేదు. ముందు ఏమి పడినదో దానికి తెలియదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు బదులు చెప్పవచ్చును. పాచిక తనంతట తాను పారునని నమ్మినవాడొకడు. పాచికను లెక్కించి పారించువాడు మరియొకడు. ఒకే బల్లకు ఇరువైపుల ఈ ఇద్దరే కూర్చుందురు. ధర్మరాజు ఒకవైపు, శకుని ఒకవైపు. లోకము ఈ ఆటను తరతరములుగా చూచినది. అదృష్టమని కూర్చున్నవాడు ఓడుటయు, లెక్క ఎరిగినవాడు గెలుచుటయు చూచి చూచి, జనులు 'పాచిక' అను మాటకు యుక్తి, పన్నుగడ అను అర్థమును స్థిరపరచిరని నా యూహ. ఇది భాష చెడిపోవుట కాదు. భాష అనుభవమును పద్దు వ్రాసికొనుట.

ఈ మాట నాకు వినోదముగా తోచక, దిగులు కలిగించుటకు కారణము చెప్పెదను. నేను పద్దులు వ్రాయు బల్లకు ఇవతల కూర్చుండి చూచినవాడను. ఎరువులకని ఋణము తీసికొన్న పడుచువాడు పదిదినములలో మరల వచ్చి నిలుచుండును. ఎరువు బస్తా పొలమునకు పోలేదు. సొమ్ము చేతిఫోనులోని పేకాటలో పోయినది. తల్లి మెడలోని పుస్తెలతాడు కుదువకు వచ్చిన దినమును చూచితిని. పేర్లు చెప్పను, చెప్పనక్కరలేదు. వారు దుష్టులు కారు. బలరామునివలె నూరు పోగా వేయి, వేయి పోగా పదివేలు ఒడ్డినవారు. ప్రతివాడును చెప్పినమాట ఒక్కటే: 'ఒక్క పాచిక పారితే అన్నీ తీరుస్త.'

ఆ బిడ్డలకు నేను చెప్పదలచిన లెక్క ఇది. కౌటిల్యుని అర్థశాస్త్రములో జూదశాలపై ఒక అధ్యక్షుడుండెడివాడు. గెలిచిన సొమ్ములో నూటికి ఐదు వంతున అతడు గైకొనవలెనని విధి. ఇద్దరు స్నేహితులు చెరి 1,000 రూపాయలతో ఆటకు కూర్చుండిరనుకొనుడు. ప్రతి ఆటకు నూరేసి ఒడ్డిరి. నేర్పు సమానము, అదృష్టము సమానము, మోసము లేదు. అయినను ప్రతి ఆటకు 5 రూపాయలు మూడవవాని సంచిలో పడును. ఇరువది ఆటలకు 100. రెండువందల ఆటలకు 1,000. అనగా ఇద్దరి సొమ్ములో సగము. గెలిచితినని ఒకడు, ఓడితినని ఒకడు అనుకొనుచుండగా, పాచిక ముట్టనివాడు ధనవంతుడగును. ఫోనులో ఆట ఎంత వేగముగా సాగునో మీకు తెలియును. రెండువందల ఆటలకు నాడు నెలలు పట్టెను, నేడు దినములు చాలును. అవతల కూర్చున్నవాడు మనకు కనబడడు. ఒకరికి బదులు ఒకరు ఆడుచున్నను మనకు తెలియదు. ధర్మరాజు సందేహము అదియే కదా!

మన తెలంగాణ రాష్ట్రము 2017లో జూద నిషేధ చట్టమును సవరించి, పణమొడ్డి అంతర్జాలములో ఆడు రమ్మీ వంటి ఆటలను గూడ నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి వర్తించునట్లు చట్టము చేసినది. చట్టము మంచిదే. కాని చట్టము గట్టువంటిది. తెగిన చోటును ప్రతి యేడు చూచుకొనవలెను. లోన నున్న కలిని వెడలగొట్టుటకు లెక్క కావలెను.

వినోదమునకు ఆడు ఆటలను నేను నిందించుట లేదు. బతుకమ్మ దినములలో అక్కచెల్లెండ్రు అరుగుపై చింతగింజలు అరగదీసి అష్టాచెమ్మ ఆడుకొనినచో అంతకంటె ముచ్చట లేదు. అచ్చట ఓడినవారికి పోవునది ఒక కాయ. అదియు మరల పుట్టును. పణము కూర్చున్నచోటనే ఆట చచ్చుచున్నది.

కార్యవర్గమువారికి రెండు మనవులు చేసి ముగించెదను. ఒకటి, రాబోవు శ్రావణమునుండి వారమునకొక రాత్రి సభాపర్వమును, నలోపాఖ్యానమును ఇచ్చట చదివి వినిపింపుడు. చదువుటకు నేను సిద్ధము. రెండవది, ఫోనులో ఆడు అలవాటు పడిన తమ్ములను దొంగలవలె చూడక దగ్గరకు పిలువుడు. ఒక్కొక్కరికి ఒక చిన్న పుస్తకమునిచ్చి, వచ్చినదొక వరుసలో, పోయినదొక వరుసలో, తేదీతో సహా వ్రాయుమనుడు. నెల చివర ఆ రెండు వరుసలను నాతో కలిసి కూడవలెను. ఎవరి పద్దును ఎవరికిని చెప్పనని ఈ సభలో మాటయిచ్చుచున్నాను. నలుడు రథము నిలిపి కాయలు లెక్కించినట్లు వారును ఒక్కమారు ఆగి లెక్కింపవలెను.

నలుడు రాజ్యమును మరల గెలిచిన పిమ్మట పుష్కరుని చంపలేదు, వెడలగొట్టలేదు. క్షమించి అతని భాగమును అతనికిచ్చి పంపెను. ఓడి వచ్చిన బిడ్డల విషయమున మనమును అట్లే యుందము. పారవలసినది మన కాలువలలో నీరు, మన పొలములలో పంట, ఈ గ్రంథాలయములో చదువు. అవి పారుచుండగా మనకు పాచిక పారవలసిన పని లేదు.